నా అనుభవం: లండన్‌లో పేరున్న చెఫ్ రెస్టారెంట్ ఉన్నట్టుండి మూతబడ్డాక మా డబ్బు మేం ఎలా రాబట్టుకున్నాం

సెప్టెంబరు ఆఖర్లో ఒక మంగళవారం. పొద్దున తొమ్మిదిన్నరకి మా కిచెన్‌లో డక్ క్యాబినెట్ నిండా 26 బాతులు వేలాడుతున్నాయి. ముందురోజు సాయంత్రమే వాటికి తోలుకీ మాంసానికీ మధ్య గాలి కొట్టి, మరిగే నీళ్లు పోసి, మాల్టోజ్‌లో రెడ్ వెనిగర్ కలిపి పూత పూశాం. 4 డిగ్రీల చలిలో ఫ్యాన్ గాలికి ఒక రోజంతా ఆరితేనే తోలు కరకరలాడేలా కాలుతుంది. అంటే అవి ఆ రాత్రి సర్వీస్‌కి. పదింటికి అందర్నీ డైనింగ్ హాల్లోకి రమ్మన్నారు. పదీ పదిహేనుకల్లా ఎవరికీ ఉద్యోగం లేదు.

టీవీలో కనిపించే చెఫ్ పేరుతో నడిచిన పాన్ ఏషియన్ రెస్టారెంట్ అది. డిమ్‌సమ్, రోస్ట్ డక్, సుషీ బార్, రెండు బ్రాంచ్‌లు. పేర్లు చెప్పను, చెప్పినా మీకు పనికొచ్చేది కాదు. పనికొచ్చేది ఆ తర్వాత ఆరు నెలలు నడిచిన తతంగం. లండన్, లెస్టర్, బర్మింగ్‌హామ్ ఎక్కడ చూసినా వారానికి 20 గంటలు ప్లేట్లు మోసే మన తెలుగు స్టూడెంట్లు ఉన్నారు, స్పాన్సర్‌షిప్ మీద వచ్చిన చెఫ్‌లూ ఉన్నారు. షట్టర్ పడ్డ రోజు వాళ్లలో చాలామంది "ఇక ఆ జీతం పోయినట్టే" అనుకుని ఇంటికెళ్లిపోతారు. పోదు. కాకపోతే మీ అంతట మీరు అడగాలి, వరసలో అడగాలి. కింద రాసిన అంకెలన్నీ 2025 ఏప్రిల్ నుంచి 2026 ఏప్రిల్ మొదటిదాకా ఉద్యోగం పోయినవాళ్లకి బ్రిటన్‌లో వర్తించినవి.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది, మీకు బాకీ ఉన్నది ఎవరు? బోర్డు మీద ఉన్న పేరు కాదు, పే స్లిప్ మీద ఉన్న పేరు. పేరున్న చెఫ్ చాలాసార్లు ఆ కంపెనీకి యజమాని కూడా కాడు. తన పేరు, తన రెసిపీలు లైసెన్సుకి ఇచ్చి, అమ్మకాల్లో ఇంత శాతమని తీసుకుంటాడు. లేదా చిన్న వాటాదారుగా ఉంటాడు. సొంత డబ్బు పెట్టినవాళ్లూ లేకపోలేదు. బ్రిటన్ టీవీ చెఫ్ జేమీ ఆలివర్ 2017లో తన ఇటాలియన్ చెయిన్‌ని నిలబెట్టడానికి 1.27 కోట్ల పౌండ్లు సొంతంగా పెట్టాడు. అయినా 2019 మే 21న ఆ గ్రూప్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, అంటే అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేటర్ అనే బయటి నిపుణుడి చేతికి పోయింది. 25 రెస్టారెంట్లలో 22 అదే రోజు మూతపడ్డాయి, దాదాపు వెయ్యి మంది ఉద్యోగాలు పోయాయి. ఆయన సోషల్ మీడియాలో బాధపడ్డాడు, నిజంగానే బాధపడి ఉంటాడు. కానీ స్టాఫ్‌కి రావాల్సింది వచ్చే దారి ఆయన గుమ్మం ముందునుంచి పోదు. మా దగ్గర కూడా సగం మంది మొదటి రెండు రోజులు చెఫ్‌గారి ఇన్‌స్టాగ్రామ్‌కి మెసేజ్‌లు పెడుతూ కూర్చున్నారు. ఆ రెండు రోజులూ దండగ.

పే స్లిప్ తీసి కంపెనీ పేరు చూడండి. మా బోర్డుకీ దానికీ ఒక్క అక్షరం కలవలేదు. ఆ పేరుని కంపెనీస్ హౌస్ (ఇక్కడి కంపెనీల రిజిస్టర్) వెబ్‌సైట్‌లో వెతకండి, పైసా ఖర్చు లేదు. ఎనిమిది అంకెల కంపెనీ నంబర్ రాసి పెట్టుకోండి, ఫారాలన్నిట్లో అడుగుతారు. ఫైలింగ్ హిస్టరీలో అడ్మినిస్ట్రేటర్‌ని నియమించినట్టో, లిక్విడేషన్ (ఆస్తులమ్మి కంపెనీని మూసేయడం) అనో ఉందా చూడండి. మా రెండు బ్రాంచ్‌లకీ రెండు వేరు వేరు కంపెనీలు ఉన్నాయని మాకు అప్పుడే తెలిసింది. ఒక బ్రాంచ్ నుంచి ఇంకో బ్రాంచ్‌కి మారినవాళ్లకి సర్వీస్ లెక్క ఇక్కడే చిక్కుపడుతుంది. అనుబంధ కంపెనీల మధ్య మారితే సర్వీస్ తెగదు, కానీ ఆ మాట ఫారంలో మీరు రాయాలి, వాళ్లంతట వాళ్లు వెతకరు.

ఇంత హఠాత్తుగా ఎందుకు మూస్తారంటే, అది స్టాఫ్‌కే హఠాత్తు. డైరెక్టర్లు అడ్మినిస్ట్రేటర్‌ని పెట్టబోతున్నామని కోర్టులో నోటీసు వేస్తే పది పనిదినాలు అప్పులవాళ్లెవరూ మీదికి రాకుండా రక్షణ దొరుకుతుంది. ఆ గడువులో కొనేవాళ్లని వెతుకుతారు. మాట బయటికి పొక్కితే చేపలవాడి దగ్గర్నుంచి గ్యాస్ కంపెనీదాకా అందరూ తలుపు తడతారు కాబట్టి నోరు మెదపరు. పైగా ఇక్కడ షాపుల అద్దె సాధారణంగా మూడు నెలలకోసారి ముందే కట్టాలి: మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25. ఈ తేదీలు దగ్గరపడేకొద్దీ ఇబ్బందుల్లో ఉన్న రెస్టారెంట్ మీద ఒత్తిడి పెరుగుతుంది. అడ్మినిస్ట్రేటర్ వచ్చాక మొదటి 14 రోజుల్లో చేసే పనులవల్ల స్టాఫ్ కాంట్రాక్టులు ఆయన నెత్తిన పడవు. ఆ తర్వాతా ఉంచుకుంటే పడతాయి. అందుకే తీసేసేవాళ్లని మొదటి రోజే తీసేస్తారు.

డబ్బు ఎక్కడ తెగిందో కూడా ఒక్క లెక్కలో చెప్పొచ్చు. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 11.44 నుంచి 12.21 పౌండ్లయింది. జీతాల మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (ప్రభుత్వానికి కట్టే సామాజిక భద్రత చందా) 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది, అది మొదలయ్యే గీత ఏడాదికి 9,100 నుంచి 5,000 పౌండ్లకి దిగింది. వారానికి 20 గంటలు చేసే స్టూడెంట్‌కి ఏడాది జీతం దాదాపు 12,700. అంతే జీతం మీద పాత లెక్కన 500 పౌండ్ల దగ్గరుండే ఇన్సూరెన్స్ కొత్త లెక్కన 1,150 దాటింది. ఇలాంటివాళ్లు పదిహేను మంది ఉన్న ఫ్లోర్ ఊహించుకోండి. బిజినెస్ రేట్స్ (షాపుల మీద వేసే స్థానిక పన్ను) మీద ఉన్న 75 శాతం తగ్గింపు కూడా అదే నెలలో 40 శాతానికి పడింది.

ముందే పసిగట్టొచ్చా అంటే, కొంతవరకు పట్టొచ్చు. కూరగాయలవాడు, చేపలవాడు అప్పు ఆపి "డబ్బు పడ్డాకే లారీ ఎక్కిస్తా" అనడం మొదటి గుర్తు. వోక్ రేంజ్‌లో ఒక బర్నర్ చెడిపోతే మెకానిక్ మూడు వారాలైనా రాకపోవడం రెండోది. మూడోది ఎవరూ చూడనిది, మీ పెన్షన్ యాప్. ఈ నెల జీతంలో కోసిన పెన్షన్ వచ్చే నెల 22వ తేదీలోగా ఫండ్‌లో పడాలి. పే స్లిప్‌లో కోత కనిపించి, యాప్‌లో జమ కనిపించకపోతే ఆ కంపెనీ స్టాఫ్ డబ్బుతో రోజులు నెట్టుకొస్తోందన్నమాట. మా యాప్‌లో జూన్ నుంచి ఖాళీ. నేను చూసింది సెప్టెంబరులో.

మూసేశామని చెప్పిన గంటలో చేయాల్సిన పనులున్నాయి. మా రోటా (షిఫ్టుల పట్టిక) యాప్ లాగిన్లు మధ్యాహ్నం పన్నెండుకి ఆగిపోయాయి. ఆలోపు స్క్రీన్‌షాట్లు తీసుకున్నవాళ్లకి ఆఖరి నెలలో ఎన్ని గంటలు పనిచేశారో రుజువుంది. మిగతావాళ్లు తర్వాత వాట్సాప్ గ్రూప్ ఫొటోల్లోంచి రోటా ఏరుకున్నారు. పే స్లిప్‌లు కూడా పోర్టల్‌లోనే ఉంటాయి, కనీసం ఆఖరి మూడు నెలలవి, ఉంటే ఏడాదివి దించుకోండి. కాంట్రాక్ట్, సెలవుల బ్యాలెన్స్ పేజీ, ఓవర్‌టైమ్ ఒప్పుకున్న మెసేజ్‌లు కూడా. కంపెనీ ఈమెయిల్ ఉంటే అందులోంచి మీ సొంత ఈమెయిల్‌కి కావలసినవి పంపుకోండి. అయితే మీకు సంబంధించినవే పంపుకోండి. రెసిపీ ఫోల్డర్ మొత్తం లాక్కెళ్తే అది వేరే గొడవ.

అదే రోజు మధ్యాహ్నం ఏజెంట్లు వచ్చారు. అడ్మినిస్ట్రేటర్ తరఫున ఆస్తి లెక్కగట్టే మనుషులు. చేతిలో ట్యాబ్లెట్, జేబులో స్టిక్కర్లు. కాంబీ ఓవెన్ మీద ఒకటి, డిమ్‌సమ్ స్టీమర్ మీద ఒకటి, ఐస్ మెషీన్ మీద ఒకటి. సుషీ బార్‌లో మా కుర్రాడి కత్తి, 270 మిల్లీమీటర్ల యానగిబా, మాగ్నెట్ స్ట్రిప్ మీద ఉండిపోయింది. దాని మీద కూడా స్టిక్కర్ పడింది. అతను సొంత డబ్బుతో కొనుక్కున్నది. కొన్న ఈమెయిల్ రసీదు ఫోన్‌లో చూపించాక, ఏజెంట్ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చేశాడు. రసీదు లేకుంటే వారాలు పట్టేది. చెఫ్‌గా పనిచేసే ఎవరికైనా నా సలహా, మీ కత్తుల ఫొటోలు, రసీదులు ఒకచోట ఉంచుకోండి. ఆ రోజు మాత్రం కత్తుల సంచీ చంకలో పెట్టుకునే మీటింగ్‌కి వెళ్లండి.

ఇక సరుకు. మూసిన క్షణం నుంచి ఫ్రిజ్‌లో ఉన్న ప్రతిదీ కంపెనీ ఆస్తి, అది అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంటుంది. "ఎలాగూ పారేస్తారు కదా" అని పెట్టె రొయ్యలు ఇంటికి పట్టుకెళ్తే అది చట్టం దృష్టిలో దొంగతనమే. ఏజెంట్‌ని అడిగితే పాడైపోయే సరుకు తీసుకెళ్లమని నోటితో అన్నాడు. ఒక లైను ఈమెయిల్ పెట్టమన్నాం, పెట్టాడు. ఆ తర్వాతే ఆకుకూరలు, టోఫు, గుడ్లు పంచుకున్నాం. పూత పూసిన పచ్చి బాతుల్ని మేం అడిగిన ఫుడ్ చారిటీ తీసుకోలేదు. అలర్జీ లేబుల్, ప్యాకింగ్ లేనిది వాళ్లు ముట్టుకోరు. 26 బాతులూ ఫుడ్ వేస్ట్ బిన్నులోకి పోయాయి.

సరఫరాదారులు కూడా వచ్చారు. డబ్బు కట్టేదాకా సరుకు మాదే అనే షరతు చాలా ఇన్వాయిస్‌ల వెనక ఉంటుంది. ఆ షరతు పనిచేయాలంటే సరుకు వాళ్లదేనని గుర్తుపట్టేలా ఉండాలి, ఇంకా వాడి ఉండకూడదు. సీలు తీయని సోయా సాస్ డబ్బాల మీద బ్యాచ్ నంబర్ ఇన్వాయిస్‌తో కలిసింది కాబట్టి అవి పంపినాయన పేరు రాసి పక్కన పెట్టారు. చేపలవాడి సాల్మన్ అప్పటికే ముక్కలై ట్రేల్లో ఉంది, ఆయనకేమీ దక్కలేదు. బీర్ కెగ్‌లు, గ్యాస్ సిలిండర్లు, బ్రెడ్ క్రేట్లు, లీజు మీదున్న డిష్‌వాషర్, ఇవేవీ మా కంపెనీ సొంతం కావు, కానీ వాటినీ అడ్మినిస్ట్రేటర్ ఒప్పుకోనిదే గుమ్మం దాటించడానికి లేదు.

నన్నూ ఒక కిచెన్ పోర్టర్‌నీ రెండు రోజులు ఉండి కిచెన్ సర్దమన్నారు. ఫ్రయర్లలో నూనె చల్లార్చి డ్రమ్ముల్లో పోయడం, వాక్ ఇన్ చిల్లర్ ఖాళీ చేసి కడిగి తలుపు తెరిచి ఉంచడం, వోక్ రేంజ్ పైలట్లు ఆర్పి గ్యాస్ మెయిన్ వాల్వ్ కట్టేయడం, గ్రీజ్ ట్రాప్ తీయించడం. చిల్లర్ ఖాళీ చేయకుండా ఎవడైనా మెయిన్ స్విచ్ ఆపేస్తే మూడో రోజుకి వీధంతా తెలుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మీరు పాత కంపెనీకి పనిచేసిన రోజుల జీతం పాత బాకీ, వరసలో నిలబడాలి. అడ్మినిస్ట్రేటర్ వచ్చాక ఆయన కోసం చేసిన పని ఆయన ఖర్చు కింద వస్తుంది, ముందు కట్టేది అదే. అందుకని గంటకి ఎంత, ఎన్ని గంటలు, ఎవరు కడతారు అనేది రాతపూర్వకంగా వచ్చాకే చీపురు పట్టండి. మా ఇద్దరికీ ఆ డబ్బు పది రోజుల్లో పడింది. అందరికంటే ముందు చేతికొచ్చింది అదే.

అసలు క్లెయిమ్ ఇన్సాల్వెన్సీ సర్వీస్‌లో ఉండే రిడండెన్సీ పేమెంట్స్ విభాగానికి పెట్టాలి. డబ్బు నేషనల్ ఇన్సూరెన్స్ ఫండ్ నుంచి వస్తుంది, అంటే మన జీతాల్లోంచి కోసిన దాంట్లోంచే. ఆన్‌లైన్ అప్లికేషన్ తెరవాలంటే సీఎన్ అనే రెండు అక్షరాలతో మొదలయ్యే కేస్ నంబర్ కావాలి. అది అడ్మినిస్ట్రేటర్ ఇస్తారు. మాకు మూడో రోజు ఈమెయిల్‌లో వచ్చింది. కొందరికి రాలేదు, ఎందుకంటే హెచ్‌ఆర్ రికార్డులో వాళ్ల పాత కాలేజీ ఈమెయిల్ ఉంది. ఐదు రోజులు దాటితే మీరే అడ్మినిస్ట్రేటర్ ఆఫీసుకి ఫోన్ చేయండి. వీసా ఏదైనా సరే, ఆ ఉద్యోగం చేయడానికి అనుమతి ఉన్నవాళ్లకి ఇది వర్తిస్తుంది. వారానికి 20 గంటల స్టూడెంట్‌కి కూడా. ఇది "పబ్లిక్ ఫండ్స్" (వీసా మీదున్నవాళ్లు తీసుకోకూడని ప్రభుత్వ భత్యాలు) కిందికి రాదు, వీసాకి ముప్పేమీ లేదు. మా ఫ్లోర్‌లో నలుగురు మన పిల్లలు ఇదే భయంతో రెండు వారాలు ఆగారు. (ఆస్ట్రేలియాలో మాత్రం కథ వేరు. అక్కడి ఇలాంటి పథకం, ఫెయిర్ ఎంటైటిల్‌మెంట్స్ గ్యారంటీ, టెంపరరీ వీసా మీదున్నవాళ్లకి ఇవ్వదు. అక్కడున్న బంధువులకి ఈ పోస్ట్ పంపేముందు గుర్తుంచుకోండి.)

ఏమేం అడగొచ్చో ఒక మనిషి లెక్కతో చెప్తాను. వయసు 31, మూడేళ్లు నిండిన సర్వీస్, వారానికి 48 గంటలు, గంటకి 15.50. అంటే వారం జీతం 744 పౌండ్లు. కానీ 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు ఫండ్ వారానికి 719 దాటి లెక్కలోకి తీసుకోలేదు. రిడండెన్సీ పే (ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే పరిహారం) 22 నుంచి 40 ఏళ్ల మధ్య పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక వారం, కాబట్టి 2,157 పౌండ్లు, దీని మీద పన్ను లేదు. 41 దాటాక ఏడాదికి వారంన్నర, 22 లోపు అర వారం. రెండేళ్లు నిండకపోతే సున్నా. జీతం బకాయి గరిష్ఠంగా ఎనిమిది వారాలు. మాకు సెప్టెంబరులో మూడు వారాల చిల్లర. సెలవుల డబ్బు గరిష్ఠంగా ఆరు వారాలు. ఏడాదికి 5.6 వారాల హక్కు, జనవరి నుంచి తొమ్మిది నెలలకి 4.2, వాడుకున్నవి 2, మిగిలింది 2.2 వారాలు. నిజానికి 23వ తేదీ దాకా లెక్కేస్తే ఇంకాస్త తక్కువొస్తుంది. అడ్మినిస్ట్రేటర్ రోజుల లెక్కన వేస్తారు, మీరు నెలల లెక్కన వేసి తేడా వచ్చిందని కంగారు పడొద్దు. జీతం, సెలవుల డబ్బులోంచి 20 శాతం పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ కోసే ఇస్తారు. ఏడాది మొత్తం ఆదాయం తక్కువుండే స్టూడెంట్లకి ఆ పన్ను తర్వాత పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ దగ్గర వెనక్కొస్తుంది, అడగాలి.

ఎక్కడ ఆగిపోతుందంటే, మీరు రాసిన అంకె, అడ్మినిస్ట్రేటర్ పంపిన అంకె కలవకపోతే. మా ఓవర్‌టైమ్ గంటలు పేరోల్‌కి ఇంకా ఎక్కలేదు, అందుకే ఆరుగురి క్లెయిమ్‌లు ఆగాయి. రోటా స్క్రీన్‌షాట్లు ఉన్నవాళ్లవి కదిలాయి. వారం జీతం దగ్గర పన్ను పోగా చేతికొచ్చే మొత్తం రాసినవాళ్లు ఇద్దరు, వాళ్లకి తక్కువొచ్చింది. పన్నుకి ముందున్న మొత్తమే రాయాలి. ఇంకొకరు ఉద్యోగంలో చేరిన తేదీ బదులు ప్రొబేషన్ పూర్తయిన తేదీ రాశారు. మూడు నెలల సర్వీస్ ఎగిరిపోయి రెండేళ్ల గీత దాటలేదు. పాత కాంట్రాక్ట్ చూపించి సరిదిద్దించుకునేసరికి క్రిస్మస్ వచ్చింది. రిడండెన్సీ పే అడగడానికి ఆరు నెలల గడువుంది, కానీ తొందరపడితేనే మేలు.

నోటీసు డబ్బు, అంటే ముందుగా నోటీసు ఇవ్వకుండా తీసేసినందుకు వచ్చేది, వేరే క్లెయిమ్. నెల దాటిన సర్వీస్‌కి ఒక వారం, రెండేళ్ల నుంచి ఏడాదికో వారం, పన్నెండు దాకా. పై లెక్కలో మనిషికి మూడు వారాలు. ఆ మూడు వారాలు గడిచాకే రెండో ఫారం తెరుచుకుంటుంది, దానికి ఎల్‌ఎన్ అనే ఇంకో నంబర్ పోస్ట్‌లోనో ఈమెయిల్‌లోనో వస్తుంది. ఆ వారాల్లో కొత్త ఉద్యోగంలో సంపాదించింది ఇందులోంచి తీసేస్తారు. యూనివర్సల్ క్రెడిట్ లాంటి భత్యాలు దొరికే అవకాశమున్నవాళ్లు అడగకపోయినా తీసేస్తారు. వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" ఉన్నవాళ్లు ఆ మాట ఫారంలో రాయాలి, లేకపోతే వాళ్లకి రాని భత్యాన్ని కూడా కోసేస్తారు. పొరపాటున కూడా ఆ భత్యానికి అప్లై చేయకండి, అది వీసాకి నిజంగానే ముప్పు.

ట్రాంక్ సంగతి చేదు. బిల్లు మీద పడే 12.5 శాతం సర్వీస్ చార్జ్ అంతా ఒకచోట చేర్చి పాయింట్ల ప్రకారం పంచడాన్ని ట్రాంక్ అంటారు. మా ఫ్లోర్ వాళ్లకి ఆదాయంలో మూడో వంతు అదే. ఫండ్ లెక్కలో వారం జీతం దగ్గర ఎవరికీ ట్రాంక్ కలవలేదు. 2024 అక్టోబరు నుంచి టిప్పుల చట్టం ప్రకారం ఆ డబ్బు స్టాఫ్‌కే చెందాలి, తర్వాతి నెలాఖరులోగా ఇవ్వాలి. కానీ అది కంపెనీ మామూలు ఖాతాలోనే కలిసి ఉంటే, ఖాతా స్తంభింపజేసిన రోజు దాన్ని విడదీసి తీయడం కష్టం. విడి ఖాతా ఉన్నచోట ఈ బాధ లేదు. ఇప్పుడు పనిచేస్తున్న చోట మీ ట్రాంక్ ఏ ఖాతాలో ఉందో ఒకసారి అడిగి చూడండి.

ఫండ్ ఇవ్వగా మిగిలింది, అంటే మన లెక్కలో 744కీ 719కీ మధ్య వారానికి 25, ట్రాంక్ బాకీ, ఇవన్నీ అడ్మినిస్ట్రేటర్‌కి ప్రూఫ్ ఆఫ్ డెట్ అనే ఫారంలో రాసి పంపాలి. ఆఖరి నాలుగు నెలల జీతంలో మనిషికి 800 పౌండ్ల దాకా, సెలవుల డబ్బు మొత్తం ప్రాధాన్య బాకీ కింద ముందు వరసలో ఉంటాయి. కానీ మన తరఫున కట్టిన ఫండ్ కూడా అదే వరసలోకి వచ్చి నిలబడుతుంది. మిగతాది మామూలు అప్పులవాళ్లతో కలిసి ఆఖరి వరస.

చాలామంది వదిలేసుకునే డబ్బు ఒకటుంది: ప్రొటెక్టివ్ అవార్డ్. ఒకే చోట 20 మందిని గానీ అంతకంటే ఎక్కువ మందిని గానీ తీసేస్తుంటే కనీసం 30 రోజుల ముందు స్టాఫ్‌తో సంప్రదింపులు జరపాలి. పదిహేను నిమిషాల మీటింగ్ సంప్రదింపు కాదు. మా ఉద్యోగాలు పోయిన 2025లో దీనికి ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్ (ఉద్యోగ వివాదాల కోర్టు) 90 రోజుల జీతం దాకా వేయగలిగేది. కంపెనీ దగ్గర డబ్బు లేకపోతే ఫండ్ ఎనిమిది వారాల వరకు కడుతుంది, జీతం బకాయి వారాలు అందులోంచే పోతాయి. అంటే మూడు వారాల బకాయి తీసుకున్నవాడికి ఇంకో ఐదు. దీనికి ఉద్యోగం పోయిన రోజు నుంచి మూడు నెలలకి ఒక రోజు తక్కువలోగా ముందు ఎకాస్ అనే ప్రభుత్వ మధ్యవర్తి సంస్థ దగ్గర ఎర్లీ కన్సిలియేషన్ (కేసుకి ముందు రాజీ ప్రయత్నం) మొదలుపెట్టాలి. వాళ్లిచ్చే సర్టిఫికెట్ నంబర్‌తో ట్రైబ్యునల్ ఫారం వేయాలి. కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లో ఉన్నంతకాలం కేసు నడవాలంటే అడ్మినిస్ట్రేటర్ ఒప్పుకోలు కావాలి, ఒక లెటర్ రాసి అడగాలి. యూనియన్ లేనిచోట ఒకరు గెలిస్తే అందరికీ రాదు, పేరు పెట్టుకున్నవాళ్లకే వస్తుంది. మా బ్రాంచ్‌లో 34 మంది, పేర్లు పెట్టింది 21 మంది. రెండో బ్రాంచ్‌లో 17 మందే ఉన్నారు కాబట్టి వాళ్లకి ఈ హక్కే రాలేదు. మొత్తం కలిపి 51 కదా అంటే కుదరదు. వూల్‌వర్త్స్ మూతబడ్డప్పుడు నడిచిన కేసులో, ఏ షాపుకి ఆ షాపే విడి లెక్క అని 2015లో యూరప్ కోర్టు తేల్చింది. చిన్న షాపుల వాళ్లు అప్పుడూ ఇలాగే ఖాళీ చేతులతో మిగిలారు.

స్పాన్సర్‌షిప్ మీద, అంటే స్కిల్డ్ వర్కర్ వీసా మీదున్న చెఫ్‌లకి గడియారం వేరు. మా కిచెన్‌లో ముగ్గురున్నారు. హోం ఆఫీస్ వీసా కుదిస్తూ లెటర్ పంపాక 60 రోజులు, అంతకంటే తక్కువ వీసా మిగిలుంటే అంతే. లెక్క లెటర్ తేదీ నుంచి, ఆఖరి పనిరోజు నుంచి కాదు. మావాళ్లలో ఒకరికి లెటర్ ఐదు వారాల తర్వాత వచ్చింది. వీసా ఖాతాలో ఈమెయిల్, ఫోన్ సరిగ్గా ఉన్నాయో లేదో మొదటి రోజే చూసుకోండి. కొత్త స్పాన్సర్ దొరికి, ఆయన సర్టిఫికెట్ ఇచ్చి, మీ అప్లికేషన్ ఆమోదం పొందాకే కొత్త చోట పనిలోకి దిగాలి. అప్లై చేశాం కదా అని దిగకూడదు. వారానికి 20 గంటలు పక్క పని చేసుకోవచ్చనే వెసులుబాటు అసలు ఉద్యోగం ఉన్నంతవరకే, అది పోతే ఇదీ పోతుంది. ఈ సంగతి తెలియక ఇద్దరు ఫ్రెండ్ టేక్‌అవేలో షిఫ్టులు వేసుకోబోయారు, సమయానికి ఆపగలిగాం. 2025 జులై 22 నుంచి చెఫ్ ఉద్యోగానికి కొత్తగా ఈ వీసా ఇవ్వడం లేదు. ఆ తేదీకి ముందే ఈ వీసాలో ఉన్నవాళ్లు మాత్రం యజమానిని మార్చుకోవచ్చు. జీతం గీత మామూలుగా 41,700 పౌండ్లు. 2024 ఏప్రిల్ 4కి ముందు నుంచి ఈ దారిలో ఉన్నవాళ్లకి 31,300. మా ముగ్గురిలో ఇద్దరు ఈ రెండో గుంపు కాబట్టి బతికిపోయారు. మూడో ఆయనకి అంత జీతమిచ్చే కిచెన్ దొరకలేదు, భార్య వీసా మీదికి మారారు.

అన్నిటికంటే చెడ్డ పరిస్థితి, మూసేసి అడ్మినిస్ట్రేటర్‌ని పెట్టకపోవడం. తాళం వేసి డైరెక్టర్ ఫోన్ ఎత్తడు. అప్పుడు సీఎన్ నంబరే ఉండదు, ఫండ్ కదలదు. ఎకాస్, ట్రైబ్యునల్ దారే ముందుగా పట్టుకోవాలి. ఈలోగా కంపెనీస్ హౌస్‌లో ఆ పేరుని ఫాలో అవమని ఒక బటన్ ఉంటుంది, నొక్కి పెట్టండి. కంపెనీని రిజిస్టర్‌లోంచి కొట్టేయబోతున్నట్టు గెజిట్ నోటీసు వస్తే అలర్ట్ వస్తుంది. మీకు బాకీ ఉందని ఆన్‌లైన్‌లోనే అభ్యంతరం వేయండి, పే స్లిప్ జత చేయండి. కొట్టేశాక దాన్ని మళ్లీ లేపడం ఖర్చుతో కూడిన పని.

పెన్షన్ గురించి పైన చెప్పాను కదా, జూన్ నుంచి ఖాళీ అని. దానికి మనం ఫారం వేయక్కర్లేదు. ఆఖరి పన్నెండు నెలల్లో కట్టని దాన్ని అడ్మినిస్ట్రేటర్, పెన్షన్ సంస్థ కలిసి అదే ఫండ్ నుంచి రాబడతారు. కాకపోతే పే స్లిప్‌లలో కోత కనిపించిన పేజీలు పంపమంటే వెంటనే పంపాలి. నాది ఫిబ్రవరిలో యాప్‌లో కనిపించింది, నాలుగు నెలలది ఒకేసారి. మార్చిలో అడ్మినిస్ట్రేటర్ ఆరు నెలల రిపోర్ట్ వచ్చింది. కాంబీ ఓవెన్లు, స్టీమర్లు వేలంలో ఎంతకి పోయాయో, వాళ్ల సొంత ఫీజు గంటకి ఎంతో అన్నీ అందులో ఉన్నాయి. డక్ క్యాబినెట్ ఇంకా అమ్ముడుపోలేదట.